స్నేహము

సంస్కృతంలో స్నేహమనే మాటకు ప్రేమ అని ఒక అర్థం, నూనె అని మరొక అర్థం. ముప్పైమూడేళ్ళు పిల్లలచేత నానార్థాలు వల్లె వేయించినవాణ్ణి. ఆ రెండర్థాలూ ఒకేచోట చేరితే ఎంత ప్రమాదమో మాత్రం ఉద్యోగ విరమణ తరువాతనే, 2024 అక్టోబరులో, హైదరాబాదులోని మా రెండో అమ్మాయి ఇంట్లో తెలుసుకున్నాను.

మా అమ్మాయికి ట్రయథ్లాన్ అనే పోటీ మీద మనసు పోయింది. ఈదడం, సైకిలు తొక్కడం, పరుగెత్తడం, మూడూ నడుమ విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి చేయాలి. అందులోని 'ట్రి' మన 'త్రి'కి తోబుట్టువే. 'అథ్లాన్' అంటే గ్రీకులో పోటీ. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో దీనికి తొలిసారి స్థానం దొరికింది. 2019 నుంచి గోవాలో జరుగుతున్న పోటీలో సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. వినగానే మా ఆవిడ "ఎందుకే తల్లీ ఇంత కష్టం?" అంది. నాకూ అదే సందేహం కలిగింది గాని పైకి అనలేదు.

అంతకు ముందటి ఏడు అమ్మాయి గోవా వెళ్ళి, సైకిలు ఘట్టంలోనే ఆగిపోయి వచ్చింది. వెనుక గేరు వేలాడే చోట చిన్న అల్యూమినియం కొక్కెం ఒకటి ఉంటుంది. సైకిలుకు దెబ్బ తగిలితే చట్రం విరగకుండా ముందు తాను వంగేందుకే దాన్ని మెత్తగా చేస్తారట. ప్రయాణంలో పెట్టె ఎక్కడో ఒత్తుకుని ఆ కొక్కెం రవ్వంత వంగింది. కంటికి ఆనలేదు. చదునుబాట మీద బాగానే నడిచింది. ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద పళ్ళచక్రం మీదికి గేరు మార్చగానే ఆ సరంజామా అంతా చక్రపు పుల్లల్లోకి దూరింది. ఏడాది సాధన అక్కడితో సరి. "సైకిలు ఆగిపోయింది నాన్నా" అని ఫోనులో ఒక్క ముక్క చెప్పింది. ఆ తరువాత నెల రోజులు ఆ ఊసే ఎత్తలేదు.

అందుచేత రెండోసారి ఆ సైకిలుకు జరిగిన ఉపచారం చూడవలసిందే. మేము వెళ్ళేటప్పటికి పోటీకి పది రోజుల వ్యవధి ఉంది. టైర్లు, చైను, గేరు తీగలు అప్పటికే మార్పించింది. చివరివారంలో కొత్త వస్తువేదీ తగిలించకూడదట. కొత్త తీగ కొంత తొక్కాక గాని కుదురుకోదు, గేర్లు తప్పుతాయి. ఈ నియమం తిండికీ వర్తిస్తుంది కాబట్టి మా ఆవిడ చేసి తెచ్చిన సున్నుండలు పోటీ అయిందాకా డబ్బాలోనే ఉండిపోయాయి. పాపం, ఆవిడకు రోజంతా తోచలేదు.

నాకూ తోచలేదు. ఈతలో, పరుగులో నేను చేయగల సాయం లేదు. సైకిలంటే మాత్రం నాకు తెలిసిన విద్య. 1986లో కొన్న అట్లాసు సైకిలు మీద రోజూ పదకొండు కిలోమీటర్లు బడికి వెళ్ళి వచ్చాను. ఏటా వేసవి సెలవుల్లో ఓవరాయిలింగు చేయించేవాణ్ణి. హబ్బు విప్పి, గోళీలు కిరసనాయిలులో కడిగి, గ్రీజు పెట్టి బిగించేవారు. ఆ మాట ఓవర్‌హాలింగ్ అని తెలియక, ఒళ్ళంతా ఆయిలు పూస్తారు గనుక ఓవరాయిలింగు కాబోలనుకున్నాను చాలా కాలం!

మంగళవారం రాత్రి అమ్మాయి నిద్రపోయాక, కుట్టుమిషను నూనె తీసుకుని పాత పంచె ముక్కతో సైకిలంతా శుభ్రంగా తుడిచాను. రిముకు నూనె తగలకూడదని ఎరుగుదును. ఆ జాగ్రత్త పడ్డాను కూడా. అయితే ఈ సైకిలుకు రిము దగ్గర బ్రేకు రబ్బర్లే లేవు. మరి బ్రేకెక్కడుంది అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. చక్రాల మధ్య పళ్ళెం వంటి ఉక్కు బిళ్ళలు తళతళలాడుతూ కనిపించాయి. గోవా ఉప్పుగాలికి ఇవి తుప్పు పడతాయేమోనని, వాటికి ప్రత్యేకంగా రెండు చుక్కలు ఎక్కువే వేశాను.

తెల్లవారుజామున అమ్మాయి సైకిలు తీసింది. పావుగంటలో నడిపించుకుంటూ వచ్చింది. వీధి మలుపు నుంచే వినపడింది, నక్క ఊళ వంటి కూత. బ్రేకు పట్టదు, కూత మాత్రం ఆగదు.

"డిస్కుకి నూనె రాశావా నాన్నా?"

అవునన్నాను. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. అక్కడే మెట్టు మీద కూర్చుని తన చేతులకేసి చూసుకుంది. పోటీకి నాలుగు రోజులు, ప్రయాణానికి రెండు. లక్ష రూపాయలు పోగొట్టినా నాకంత సిగ్గు కలిగేది కాదు.

సైకిలు దుకాణం తెరిచేవరకు ఇద్దరం బయటే నిలుచున్నాం. అక్కడి కుర్రవాడు నన్ను తప్పుపట్టలేదు. వారానికొకరు ఇలాగే వస్తారన్నాడు, నిజమో, పెద్దవాణ్ణని మన్నించి అన్నాడో. బ్రేకు ప్యాడ్లు నూనెను స్పంజిలా పీల్చుకుంటాయట. గరుకు కాగితంతో రుద్దినా నమ్మడానికి లేదని తీసి పారేశాడు. ఉక్కు బిళ్ళలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, ప్రతిసారీ కొత్త గుడ్డతో, మూడుసార్లు తుడిచాడు. కొత్త ప్యాడ్లు వేశాక కూడా పని అయిపోలేదు. వేగంగా వెళ్ళి, చక్రం బిగుసుకుపోకుండా మెల్లగా బ్రేకు వేసి, నడక వేగానికి వచ్చి, మళ్ళీ వేగం అందుకోవాలి. ఒక్కొక్క బ్రేకుకు ఇరవైసార్లు. అలా చేస్తేనే ప్యాడు పొడి బిళ్ళ మీద పలచగా, సమంగా పరుచుకుని పట్టు వస్తుంది. ఖాళీ రోడ్డు మీద అమ్మాయి అటూ ఇటూ తిరుగుతుంటే నేను గట్టున నిలబడి లెక్కపెట్టాను. పద్నాలుగోసారికి కూత తగ్గింది.

చైను సంగతి కూడా ఆ కుర్రవాడే చెప్పాడు. లింకుకు ఒక చుక్క చొప్పున వేసి, పెడలు వెనక్కి తిప్పి, పైన మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచేయాలట. నూనె పని లోపలి మేకుల దగ్గర. పైన నిలిచింది ఇసుకను పట్టడానికే. ఇన్నేళ్ళూ నా అట్లాసు చైను నల్లటి పాకంలో ఎందుకు మునిగి ఉండేదో అప్పుడర్థమైంది.

గోవాలో పెట్టె విప్పగానే అమ్మాయి ముందు ఆ కొక్కెమే చూసింది. ఈసారి దానికి జోడు కూడా తెచ్చుకుంది. హ్యాండిలు, సీటు మరలు బిగించడానికి దాని దగ్గర ఒక కొలత పానా ఉంది. ఎంత బలంతో బిగించాలో ఆ భాగాల మీదే అచ్చువేసి ఉంటుంది. చేతి అంచనాకు అక్కడ చోటు లేదు. నేను కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను.

శనివారం సైకిలును పోటీ స్థలంలో అప్పగించాలి. రాత్రంతా అది అక్కడే కొయ్యకు వేలాడుతుంది. బయలుదేరే ముందు అమ్మాయి తనంతట తానే, "టైర్లు చూస్తావా నాన్నా?" అంది. నా పంచె ముక్క, ఉతికినదే, తీసి టైరు చుట్టూ మెల్లగా లాగుతూ వచ్చాను. పంచరు వేసేవాళ్ళు చేసే పనే. కంటికి కనపడని ముల్లు నూలుపోగుకు దొరుకుతుంది. వెనుక టైరులో ఒకచోట పోగు పట్టుకుంది. ఆవగింజలో సగం గాజుపెంకు. సూదితో లాగి తీసింది. అది ట్యూబుదాకా పోయేదో లేదో చెప్పలేను. అమ్మాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి కిటికీ గట్టు మీద పెట్టింది.

అప్పగించేటప్పుడు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఎండకు గాలి వ్యాకోచించి టైరు బిగుసుకుంటుందని కొంచెం గాలి వదిలి, సీటుకు ప్లాస్టిక్ సంచి కట్టి వచ్చింది. మర్నాడు చీకటితోనే పంపు పట్టుకుని వెళ్ళి మళ్ళీ కొట్టుకుంది.

పోటీనాడు నేనొక మలుపు దగ్గర నిలుచున్నాను. వచ్చినవాళ్ళందరూ అక్కడ వేగం తగ్గించక తప్పదు. ఎందరో వెళ్ళారు, కొన్ని సైకిళ్ళు కూశాయి కూడా. మా అమ్మాయి వచ్చింది, బ్రేకు వేసింది, తిరిగింది, వెళ్ళిపోయింది. నన్ను చూడలేదు. చప్పుడు లేదు.

మధ్యాహ్నం మెడలో పతకంతో, ఒళ్ళంతా ఉప్పుతో వచ్చి గోడకు సైకిలు ఆనించింది. సున్నుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పంచె ముక్క నా మీదికి విసిరి అంది:

"నువ్వే తుడువు నాన్నా. నూనె సీసా మాత్రం నా దగ్గరే ఉంటుంది."