పరదేశమున పాకము

విదేశమునకు పోవు విద్యార్థి పెట్టెలో ఆవకాయ, కందిపొడి తప్పక యుండును. అవి నిండుకొన్న పిదప ఏమి తినవలెనను ప్రశ్నకు మాత్ర మా పెట్టెలో సమాధాన ముండదు. మన తల్లులు కూతునకు వంట నేర్పి పంపుదురు. కుమారునకు ఊరగాయ కట్టి పంపుదురు. ఈ భేదము మాకు నచ్చదు.

ఇందులకే మేము పై తరగతుల బాలురను ఆదివారమున పాతబస్తీలోని మీరాలం మండీకి తీసికొనిపోవుచుందుము. అచ్చట ఋతుధర్మము పుస్తకము లేకయే బోధపడును. వేసవి మొదట చింతచిగురు వచ్చును. దానిని మనము పప్పులో వేయుదుము; పొరుగున ముసల్మానులు మాంసముతో వండి చిగుర్ గోష్త్ అందురు. పచ్చిమామిడి మన యింట మామిడికాయ పప్పు, వారి యింట కైరీ దాల్. కోస్తావారి గోంగూరయే తెలంగాణమున పుంటికూర, దక్కనీ ఉర్దూలో అంబాడా. పొయ్యిలు వేరైనను ఆకొక్కటే, ఋతు వొక్కటే. మడి పేరిట పొరుగింటి కుండవైపు చూడనొల్లనివారి కీ సంగతి ఎట్లు తెలియును?

సముద్రము దాటినను ఇదే న్యాయము. 1942లో జపానువారు దండెత్తక పూర్వము రంగూనులో తెలుగువారు వేలకొలది యుండిరి. బర్మీయులు మన గోంగూరను చిన్‌బౌంగ్ అని ఎంతయో ప్రీతితో తిందురు. కావున ఆ కూరకై మనవారు గుంటూరివైపు చూడ నక్కఱలేకపోయెను. నేడు అమెరికాలోని తెలుగిండ్లలో శరత్కాలమున క్రాన్‌బెర్రీ పండ్లు రాగానే వానితో పప్పును పచ్చడియు చేయుచున్నారు. ఇంగ్లండులో వసంతమున దొరకు రూబార్బు కాడలు పప్పునకు చక్కని పులుపు నిచ్చును. దాని యాకులు మాత్రము విషము, పారవేయవలెను. పులుపు నిచ్చు వస్తువు మారినది. కందిపప్పు, ఇంగువ తాళింపు మారలేదు. ఈ వివేకము జాడీలో పట్టునది కాదు, చేతికి రావలసినది.

ఒక తండ్రి మమ్ము, "పంతులుగారూ, మావాణ్ణి వంటవాణ్ణి చేయదలచినారా?" అని యడిగెను. రుచి కుదిరిన వంటను నలపాకమనియు భీమపాకమనియు పురుషుల పేరనే మెచ్చుకొను జాతికి, మగబిడ్డ గరిట పట్టుట నామోషీ యగుట వింత కాదా! 1888లో లండనుకు పోయిన గాంధీగారు తరువాత వేరుగా గది తీసికొని, ఓట్ల జావను తామే కాచుకొనిరి. దానివలన వారి గౌరవమున కేమి లోపము కలిగినది?

తల్లులారా! కుమారునకు జాడీ కట్టుటకు ముందు కత్తిపీట చూపుడు. ఆ కాలమున, ఆ యూర దొరకు కూరను ఎంచి వండుకొనగలవానికి ఏ దేశమును పరదేశము కాదు. అట్టివాడు పెండ్లియైన పిదప భార్య యలసిన దినమున విస్తరి ముందు కూర్చుండి ఎదురుచూడడు.