చీటీ చదివే యంత్రం, చిత్రం చూసే మనిషి

సూరత్ నగరంలోని డచ్చివారి పాత శ్మశానవాటికలో గుమ్మటంతో కూడిన ఒక పెద్ద సమాధి ఉన్నది. మలబారు సీమలో డచ్చి పాలకుడుగా పనిచేసిన హెండ్రిక్ వాన్ రీడ్ 1691లో సముద్రయానంలో మరణించగా, ఆయనను ఇక్కడ ఖననం చేశారు. ఆయన కూర్పించిన ‘హోర్టస్ మలబారికస్’ అనే వృక్షశాస్త్ర గ్రంథం 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడినది. అందులో ఏడు వందలకు పైబడిన మొక్కల చిత్రాలున్నాయి.

ఈనాడు ఎవరైనా వికీపీడియావంటి ఉమ్మడి విజ్ఞాన సర్వస్వంలో ఆయనను గూర్చి వ్యాసం వ్రాసి, రెండు బొమ్మలు చేర్చారనుకుందాం. ఒకటి ఆ గ్రంథంలోని మొక్క చిత్రం. రెండవది ఎక్కడో దొరికిన సమాధి ఛాయాచిత్రం. మొదటిది మూడు శతాబ్దాలనాటిది కనుక లోకానికంతటికీ ఉమ్మడి ఆస్తి. రెండవదాని సంగతి వేరు. సమాధి ఎంత పాతదైనా, ఛాయాచిత్రం నిన్నటిదైతే హక్కు దానిని తీసినవారిదే. మన కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు వారి జీవితకాలమంతా, ఆపైన మరి 60 ఏళ్లు నిలుస్తుంది. ఈ భేదం మనిషికి ఒక్కమాటలో బోధపడుతుంది. కాని ఇట్టి బొమ్మలను మొదట తనిఖీ చేసేది అనేక సందర్భాలలో మనిషి కాదు. ‘బాట్’ అని పిలిచే కంప్యూటరు ప్రోగ్రాము. విసుగు, విశ్రాంతి ఎరుగని కావలిభటుడు అది.

ఈ భటుణ్ణి నియమించక తప్పని పరిస్థితి ఏర్పడిన మాట నిజం. 2004 సెప్టెంబరులో ఆరంభమైన వికీమీడియా కామన్స్ అనే చిత్రభాండాగారంలో నేడు పది కోట్లకు మించిన దస్త్రాలున్నాయి. స్వచ్ఛందంగా పనిచేసే కొద్దిమంది అన్నింటినీ పరిశీలించడం అసాధ్యం. పైగా 2007 మార్చి 23న వికీమీడియా ఫౌండేషన్ పాలకమండలి ఒక తీర్మానం చేసినది. స్వేచ్ఛగా వాడుకొనే అనుమతి లేని బొమ్మలు పరిమితంగా మాత్రమే ఉండాలనీ, నియమానికి లొంగని పాత బొమ్మలను ఒక సంవత్సరంలోగా చక్కదిద్దాలనీ దాని సారాంశం. ఆంగ్ల వికీపీడియాలో బాట్లు రంగంలోకి దిగి, వేలాది బొమ్మలకు హెచ్చరిక చీటీలు తగిలించాయి. కారణం చూపకుంటే కొద్దిరోజులలో బొమ్మ తొలగిపోతుందని ఆ చీటీల భావం.

ఈ బాట్ ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవడానికి సూరత్ మగ్గాలకంటె మంచి ఉదాహరణ దొరకదు. తెలంగాణ నుండి వలసవెళ్లిన నేతకుటుంబాలు ఆ నగరపు మరమగ్గాల మీద తరాలుగా బ్రతుకుతున్నవి. జాకార్డు మగ్గం చూసినవారికి అట్టల సంగతి తెలుసు. అట్టకు చిల్లు ఉన్నచోట పడుగు దారం లేస్తుంది. చిల్లు లేనిచోట లేవదు. తాను నేసేది నెమలియో, మామిడి పిందెయో మగ్గానికి తెలియదు. అట్టలో తప్పుంటే ఆ తప్పునే అంతే శ్రద్ధతో చీర పొడవునా నేస్తుంది. నేతగాడు చూసి ఆపితేనే ఆగుతుంది.

బాట్ తీరు కూడా ఇంతే. బొమ్మ పక్కన హక్కుల చీటీ ఉన్నదా, వాడుకకు కారణం వ్రాశారా, ఏ వ్యాసంలో వాడుతున్నారో దాని పేరు ఉన్నదా అని మాత్రమే అది చూడగలదు. వ్యాసం పేరు మారి, కారణపత్రంలో పాతపేరు మిగిలిపోతే, సక్రమమైన బొమ్మకూ హెచ్చరిక అంటించేది. మరొక ప్రక్క, పరుల ఛాయాచిత్రాన్ని తెచ్చి ‘ఇది నేను తీసినదే’ అని చీటీ వ్రాసినవానిని నిరాటంకంగా సాగనిచ్చేది. సత్యవంతుడు మతిమరుపువల్ల దోషి కాగా, అసత్యవాది చీటీ సరిగా నింపినందువల్ల నిర్దోషి అయినాడు! ఇది యంత్రపు దోషం కాదు. చీటీని సత్యమని భ్రమించిన మనుషుల దోషం.

దీనివల్ల కలిగే నష్టం బొమ్మలతో ఆగిపోదు. నేతకుటుంబంలో పుట్టిన ఒక యువకుడు తమ పేటలోని బతుకమ్మ పండుగను ఫొటో తీసి, తెలుగు విజ్ఞాన సర్వస్వానికి సమర్పించాడనుకుందాం. అనుమతి గడి నింపడం అతనికి తెలియదు. మరునాడు పరాయిభాషలో ఒక హెచ్చరిక కనబడుతుంది. క్రింద ఒక బాట్ పేరు తప్ప మనిషి జాడ ఉండదు. తాను తీసిన ఫొటోకే తనను దొంగగా ఎంచారని నొచ్చుకొని అతడు వెళ్లిపోతే, తిరిగి పిలిచేవారెవరు? తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. పనిచేసే చేతులు తక్కువగా ఉన్న ఇట్టి చోట ఒక్క మనిషి దూరమైనా అది పెద్ద లోటే.

అట్లని కాపలా వద్దనడం న్యాయం కాదు. పరుల శ్రమను దోచడమంటే ఏమిటో చీరల నమూనాలు గీసేవారికి బాగా తెలుసు. కాపీరైటు చట్టం 15వ విభాగం ప్రకారం, నమోదుకు అర్హమై ఉండీ నమోదు కాని నమూనాను యాభైసార్లకు మించి యంత్రంపై ఉత్పత్తి చేస్తే కాపీరైటు రక్షణ పోతుంది. నమోదు చేస్తే 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం మొదట 10, పొడిగింపుతో మరి 5 సంవత్సరాలు కాపాడుతుంది. ఫొటో తీసినవారికీ అదే న్యాయం వర్తించాలి.

కావలసినది కాపలా ఎత్తివేయడం కాదు, పని పంచుకోవడం. అనుమానాన్ని యంత్రం చూపాలి. తీర్పు మనిషి చెప్పాలి. ఫ్లికర్ నుండి వచ్చిన బొమ్మల అనుమతిని సరిచూసే బాట్ ఒకటి కామన్స్‌లో ఉన్నది. తాను తేల్చలేని వాటిని అది మనుషులకు అప్పగిస్తుంది. మన దేశపు 2013 కాపీరైటు నియమావళిలోనూ ఇట్టి సమతూకం కనిపిస్తుంది. ఫిర్యాదు సబబని తోస్తే సంస్థ 36 గంటలలో ఆ కృతిని నిలిపివేయాలి. 21 రోజులలో న్యాయస్థానపు ఉత్తరువు రాకుంటే తిరిగి అందుబాటులోకి తేవచ్చు. అనగా నేరం మోపినవానికీ బాధ్యత ఉన్నది. బాట్ హెచ్చరిక కూడా చదివేవారి భాషలో ఉండి, సందేహం వస్తే అడగడానికి ఒక మనిషిని చూపితే, సగం కలహాలు పుట్టకనే పోతాయి.

‘ఇది ఎవరి వద్దనుండి వచ్చినది?’ అనే ప్రశ్న కొత్తదేమీ కాదు. వాన్ రీడ్ తన గ్రంథంలో, మొక్కల గుణాలు చెప్పిన మలయాళ వైద్యుడు ఇట్టి అచ్యుతన్, ముగ్గురు కొంకణి పండితులు 1675లో ఇచ్చిన వాంగ్మూలాలను వారి పేర్లతో సహా అచ్చు వేయించాడు. అక్కడ అడిగినవాడూ, చెప్పినవారూ ఎదురెదురుగా ఉన్న మనుషులు. ఆ ప్రశ్నను నేడు యంత్రం అడగవచ్చు. జవాబు వినవలసినది మాత్రం మనిషే.