టక్ టక్ పెట్టె

పూర్వం పెళ్ళి ఊరేగింపుల్లో వెలిగిన పెట్రోమాక్సు దీపాలను గురించి మీ తాతగారిని అడగండి. వాటిలో తెల్లగా వెలిగే మాంటిల్లో థోరియం అనే పదార్థం ఉండేది. నేను కాలేజీలో చదివే రోజుల్లో అలాంటి మాంటిల్ ఒకటి గైగర్ కౌంటరు ముందు పెడితే అది టక్ టక్‌మని మోగింది. కంటికి కనిపించని కిరణాలు చెవికి వినిపించాయి! ఇంతకన్న గొప్ప పరికరం ఉండదనుకున్నాను.

అణుబాంబుకు పనికివచ్చే పదార్థాలు దొంగచాటుగా తరలిపోకుండా చూసేందుకు, 1957లో ఏర్పడిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీ అధికారులను పంపుతుంది. కాని ప్రతి గిడ్డంగిలోనూ మనిషి కూర్చోలేడు గదా! అందుచేత సీలు వేసిన గదుల్లో పరికరాలు పెట్టి, అవి చెప్పే లెక్కలను దూరం నుంచే చూసుకుంటారు.

"అక్కడ ఈ టక్ టక్ పెట్టె ఒక్కటి చాలదా అండీ?" అన్నాను మా మేష్టారితో.

ఆయన నన్ను అటు తిరిగి నిలబడమన్నారు. కాసేపటికి, "దాని ముందు ఏమున్నది?" అని అడిగారు. చప్పుడు ఎప్పటిలాగే ఉన్నది. "మాంటిలేనండీ," అన్నాను. తీరా చూస్తే అక్కడ సీజియం బిళ్ళ ఉన్నది!

దొంగ కూడా ఈ పనే చెయ్యవచ్చు. గైగర్ కౌంటరు మోగుతూనే ఉంటుంది.

పదార్థాన్ని గుర్తుపట్టాలంటే దాని గామా కిరణాల శక్తిని కొలవాలి. యురేనియం-235 కిరణాల్లో ముఖ్యమైనవాటి శక్తి 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. సీజియం-137 కిరణాలది 662. సోడియం అయొడైడు స్ఫటికం కిరణం తగలగానే మిణుకుమంటుంది. ఆ మెరుపును కొలిస్తే శక్తి తెలుస్తుంది.

ఒక వేసవి మధ్యాహ్నం ఆ స్ఫటికాన్ని కిటికీ పక్కన వదిలి భోజనానికి వెళ్ళాను. వచ్చేసరికి 662 దగ్గర ఉండవలసిన శిఖరం కిందికి జారి ఉన్నది. సీజియం మారిపోయిందని గోలపెట్టాను. తీరా చేసి, వేడికి స్ఫటికం మెరుపు మందగించింది, అంతే! నా గోల నిజమని నమ్మితే, గిడ్డంగిలో ఎవరినో దొంగ అనేవాళ్ళు.

జెర్మేనియం స్ఫటికం ఇంకా సూక్ష్మంగా చూస్తుంది. కాని దాన్ని బాగా చల్లగా ఉంచాలి. సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోస్తూ ఉండాలి, లేదా కరెంటుతో చల్లబరచాలి. నెలల తరబడి ఎవరూ రాని గదిలో ఎవరు పోస్తారు? ప్లుటోనియం న్యూట్రాన్లను కూడా వదులుతుంది. వాటిని సీసం ఆపలేదు. వాటిని పట్టే హీలియం-3 గొట్టానికి చలువ అక్కర్లేదు గాని, ఆ వాయువు బహు అరుదు.

"ఇప్పుడు చెప్పు, గిడ్డంగిలో ఏది పెడతావు?" అన్నారు మేష్టారు.

"గదిలో ఉన్నది యురేనియమా, ప్లుటోనియమా అండీ? వేసవిలో అక్కడ ఎంత వేడి ఉంటుంది? కరెంటు పోతుందా?" అని అడిగాను.


మేష్టారు నవ్వి, తాళంచెవి నా చేతికిచ్చి, కిటికీ మూసి రమ్మన్నారు.