వణుకు చెప్పిన మాట

యంత్రానికి నోరు లేదు. తన బాధను వణుకుతోనే తెలుపుకొంటుంది. నేలపై నడిచే బండి వణికితే ప్రక్కకు తీసి ఆపవచ్చు. ఆకాశంలో ఆ వీలు లేదు.

2024 జనవరిలో భౌతికశాస్త్ర విద్యార్థులమైన మేము అయిదుగురము నగర శివారులోని ఒక విమాన శిక్షణ కేంద్రాన్ని దర్శించినాము. ఆ ఉదయమే రెండు సీట్ల చిన్న విమానం నేల విడిచిన కొద్దిసేపటికి ఇంజను తీవ్రంగా కంపించగా, శిక్షకులు వెనుకకు మళ్ళించి క్షేమంగా దించినారట. మేము చేరేసరికి అదే ఇంజను చక్కగా తిరుగుతున్నది. మధ్యాహ్నం ఒక విద్యార్థి అదే విమానంలో ఒంటరిగా ఎగరవలసి ఉన్నది.

అక్కడివారు ఉస్తాద్ అని పిలిచే వృద్ధ మెకానిక్ మాత్రం సంతకం చేయలేదు. ప్రొపెల్లరు అంచులను వ్రేలితో తడిమి చూచినారు. రాతి గాటు లేదు. ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు పగలలేదు. ప్రతి సిలిండరుకు స్పార్కు ప్లగ్గులు రెండు. వాటికి విద్యుత్తునిచ్చే మాగ్నెటోలు రెండు. నిమిషానికి 1700 చుట్ల వద్ద ఒక్కొక్క మాగ్నెటోతో నడిపి చూచినారు. వేగం కొద్దిగా తగ్గినదే కాని వణుకు రాలేదు.

"కార్బురేటరులో మంచు పట్టి కరిగి ఉంటుంది" అని ఒకరన్నారు. "అదీ కావచ్చు" అని ఉస్తాద్ శిక్షకులను అడిగినారు: "ఈ మధ్య ఉదయం స్టార్టు చేయగానే కాసేపు వణికేదా?"

"వణికేది. వేడెక్కగానే సర్దుకొనేది."

ఆ మాటతో దారి దొరికినది. కాలిన వాయువును బయటికి వదిలే ఎగ్జాస్టు వాల్వు కాడ, గైడు అనే గొట్టంలో జారుతుంది. మాడిన నూనె మసి అందులో గట్టిపడితే కాడ బిగుసుకొంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మరింత. వాల్వు మూసుకొనకపోతే ఆ సిలిండరు పనిచేయదు. నాలుగింటిలో ఒకటి ఆగితే విమానమంతా ఊగిపోతుంది. కాడ వదులు కాగానే అంతా మామూలే. స్ప్రింగులు విప్పి కదిపి చూడగా ఒక వాల్వు మొరాయించినది. ఆనాడు ఆ విమానం ఎగరలేదు.

"వణుకు ఆగడం వేరు, కారణం దొరకడం వేరు, బేటా!" అన్నారు ఉస్తాద్.

మిత్రులారా! ప్రయోగశాలలో తప్పు లెక్క తనంతట తాను సరిపడితే మనము సంతోషించి పుస్తకం మూసివేస్తాము. కాని కారణం తెలియక మాయమైన లోపం మరల ఏ వేళ, ఎవరి చేతిలో ఉండగా వస్తుందో మనము నిర్ణయించలేము.