జింకల గుత్త

లేపాక్షి పడమటి పల్లెలో మాకు పిత్రార్జితమైన మెట్టచేను నాలుగెకరములు గలదు. మేము బడిపంతులము, మడక పట్టి యెరుగము. కావున చేనిని కోరుకిచ్చి, పండినదానిలో సగపాలు ఇంట గూర్చుండి తినుచున్నారము.

మొన్నటి ముంగారున, వేరుశనగ యూడలు దిగువేళ, మా కోరురైతు వేకువనే వచ్చి యరుగుమీద గూర్చుండెను.

"అయివారూ, పట్నం నుంచి ఇద్దరు వచ్చినారు. రెండు రాత్రులు చేను గుత్తకిస్తే పదివేలిస్తారంట. తుపాకీ వాళ్లదే, బండీ వాళ్లదే. మనం కన్ను మూసుకోవల్ల, అంతే."

మా సమాధానము సిద్ధముగనే యుండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున కృష్ణజింక మొదటి షెడ్యూలు మృగము. తక్కిన కొన్ని మృగములు పైరు పాడుచేసిన యెడల వానిని చంపుట కధికారి యనుమతి యీయవచ్చును. దీనికా దారి లేదు. మనుష్యుల ప్రాణమునకు అపాయకరమైనదో, మానరాని గాయమో రోగమో గలదో యైననే తప్ప. వేరుశనగ తినుట ప్రాణాపాయములలో చేరదు. చెరసాల మాట చెప్పితిమి. అంతటితో నూరకుండక, కృష్ణసారము స్వేచ్ఛగా సంచరించు నేల యజ్ఞమునకు యోగ్యమని మనువు చెప్పినట్లును వినిపించితిమి. అతడు సావధానముగ విని, "అయితే మన చేను పుణ్యభూమే సామీ, దినమూ ముప్పై తిరుగుతాండాయి" అనెను.

(శాస్త్రజ్ఞులు దీనిని జింక యనరు, కొమ్ములు రాల్చని యేణమందురు. చేనిలో నా భేదము కానరాదు.)

టెక్సాసులో నున్న మా పూర్వవిద్యార్థి యొకడు ఈ ముచ్చట విని నవ్వెను. అచట భూస్వాములు వేటకాండ్రకు ఋతువున కింత యని నేలను గుత్త కిచ్చుట నిత్యవ్యవహారమట. తెల్లతోక జింక ప్రజలందరి సొత్తు. భూస్వామి యమ్మునది దానిని గాదు, కంచె దాటి లోనికి వచ్చు హక్కును. వింత యేమనగా, మన కృష్ణజింకనే 1932లో అచటి ఎడ్వర్డ్స్ పీఠభూమిపై విడిచిరి. అదిప్పుడు వెల గట్టి వేటాడించు మృగము.

ఆ పద్ధతి మనకు రావలెనని మేము కోరము. స్కాట్లండు కొండసీమలలో పందొమ్మిదవ శతాబ్దమున జింకల వేటకై ధనికులకు గుత్త కిచ్చిన నేలలు గొర్రెలకును గొల్లలకును దక్కకపోయెను. గుత్తసొమ్ము పట్టా గలవానిది. కోరువానికి మిగులునది యేమి? రాత్రి దీపము వెలుగున పేలు తుపాకికి మంచెమీది మనిషియు మృగమును వేరుగాదోపవు.

ఐనను మా నిరాకరణమున మాకు పోయినదేమియు లేదు. వీరభద్రాలయపు నాట్యమండపము పైకప్పున కిరాతార్జునీయము చిత్రింపబడియున్నది. పంది నాదన నాదని శివుడును అర్జునుడును పోరుదురు. అది యెవని చేను త్రవ్వి వచ్చెనో యడిగినవాడు లేడు. మేమును చిన్ననాటినుండి చూచుచు నడుగలేదు. హిందూపురమునకు చేరువనే కర్ణాటకమున జయమంగలి కృష్ణజింకల సంరక్షణక్షేత్రము 798 ఎకరములు గలదు. ఎల్లరాళ్లు చదువ నేర్చిన జింక మాత్రము లేదు.

మంచె గట్టి, భార్య పాతచీరలు చేనిచుట్టు కట్టి, రాత్రులు డబ్బా వాయించి, మా రైతు కడకు ఆరు బస్తాలు దక్కించుకొనెను. అందు మూడు మా యరుగుమీద దించి, తలగుడ్డ విప్పి తుడుచుకొనుచు నడిగెను:

"జింకలు తిన్నది మీ పాలా, నా పాలా అయివారూ?"

లెక్కపుస్తకము తెచ్చి, అది మా పాలులో వ్రాసి, రెండు బస్తాలు మరల బండి కెక్కించితిమి. అతడు వలదనలేదు. మూడవది యింటనే యున్నది. మా ఇల్లాలు దాని మూతి యింకను విప్పలేదు.