వినుకొండలో ఆదివారం భోజనం

మా మేనల్లుడు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం చేస్తున్నాడు. మొన్నీమధ్య ఒక శనివారం సాయంకాలం వినుకొండ స్టేషనులో రైలు దిగి ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కొని మంచినీళ్ళు తాగాడో లేదో, ఒక ప్రశ్న వేశాడు.

“మామయ్యా! రేపు ఆదివారం గదా. ఈ వూళ్ళో రెండు మూడు గంటలు తీరిగ్గా కూర్చుని ఇటాలియన్ భోజనం చెయ్యాలంటే ఎక్కడికి వెళ్ళాలి?”

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొనే మనిషిని. ఇటలీ పేరు చెబితే నాకు ముందు భాష గుర్తు వస్తుంది గాని భోజనం గుర్తు రాదు. తెలుగును పాశ్చాత్యులు ‘తూర్పు దేశపు ఇటాలియన్’ అన్నారనీ, రెండు భాషల్లోనూ మాటలు అచ్చులతో ముగియడమే అందుకు కారణమనీ ఏటేటా పిల్లలకు చెబుతూనే వున్నాను. ఆ సంగతే వాడికీ చెప్పాను.

“భాష అజంతమైతే ఆకలి తీరదు గదా, మామయ్యా!” అన్నాడు.

నిజమే. పిజ్జా అంటారా, ఈ రోజుల్లో చిన్న వూళ్ళకు కూడా వచ్చేసింది. వాడడిగింది అది కాదు. కంపెనీ పనిమీద ఒకసారి ఇటలీ వెళ్ళి వచ్చాడు. అక్కడి ఆదివారం మధ్యాహ్న భోజనం చూసినప్పటినుంచీ వాడికి అదే ధ్యాస. ఒంటిగంటకు కూర్చుంటే నాలుగింటికి గాని లేవరట. మన విస్తట్లోలాగా అన్నీ ఒక్కసారే వడ్డించరు. మొదట నోరూరించడానికి నాలుగు చిరుతిళ్ళు, తర్వాత ‘ప్రీమో’ అని పాస్తా, అది అయ్యాక ‘సెకొండో’ అని మాంసమో చేపో, పక్కన కూరగాయలు, ఆపైన పండ్లో మిఠాయో, చిట్టచివరికి చిన్న గిన్నెలో గుక్కెడు కాఫీ. నేపుల్స్ వైపు ‘రగూ’ అని మాంసమూ టమేటాలూ కలిపి వండుతారు. పొద్దున్నే పొయ్యి ఎక్కించిన గిన్నె మధ్యాహ్నానికి గాని దిగదు. ఒక వంటకానికీ మరో వంటకానికీ నడుమ బోలెడన్ని కబుర్లు. తాతలూ, మనమలూ, కోడళ్ళూ, అల్లుళ్ళూ అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు.

ఈ తీరికను వాళ్ళు ఎంత పట్టుదలగా కాపాడుకున్నారో కూడా వాడే చెప్పాడు. 1986లో రోమునగరంలో, స్పానిష్ మెట్లు అనే పేరున్న చోట, మెక్‌డోనాల్డ్స్ హోటలు పెట్టబోతే కార్లో పెట్రీని అనే ఆయనా ఆయన మిత్రులూ అభ్యంతరం చెప్పారు. గబగబా తినే తిండి మాకక్కరలేదన్నారు. ఆ గొడవలోంచే ‘స్లో ఫుడ్’ అనే ఉద్యమం పుట్టి, 1989 నాటికి దేశదేశాలకూ పాకింది. దాని గుర్తు ఏమిటనుకున్నారు? నత్త!

“సరే, రేపు మనమూ నత్తలమవుదాం” అన్నాను.

మా వూరు చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. గుంటూరునుంచి నంద్యాల వైపు పోయే రైలుదారిలో, నరసరావుపేట దాటిన తర్వాత వస్తుంది వినుకొండ. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పటినుంచీ ఆ జిల్లాలో వుంది. వూరికి పెద్ద దిక్కు కొండ. కొండమీద రామలింగేశ్వరస్వామి. సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయిన వార్త రాములవారు ఇక్కడ విన్నారనీ, ఆ విన్నకొండే వినుకొండ అయిందనీ పెద్దలు చెబుతారు. వినడానికి మాది పేరుపడ్డ వూరే. ఇక తినడం సంగతి చూడాలి.

ఇది మెట్ట సీమ. నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్ళు వదిలిందాకా ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళల్లో జొన్నన్నమే అన్నం. వరి అన్నం పండుగనాటి మాట. మా అమ్మ చిన్నతనం ఆ జొన్నన్నంతోనే గడిచింది. గోంగూర, దోసకాయ పప్పు, వూరమిరపకాయలు, చింతకాయ పచ్చడి - ఇవీ మా రుచులు. వీటిని తినడానికి మూడు గంటలు ఎవరికీ పట్టేది కాదు. పొలం పిలుస్తూ వుండేది మరి.

మర్నాడు పన్నెండున్నరకు అమ్మనూ, మా ఆవిడనూ వెంటబెట్టుకొని బస్సుస్టాండు వైపు ఒక భోజన హోటలుకు వెళ్ళాం. అమ్మకు డెబ్భై ఏళ్ళు. హోటల్లో భోజనం చెయ్యడం ఆమెకు వేళ్ళమీద లెక్కపెట్టదగిన అనుభవం. “ఇంట్లో బియ్యం లేవా ఏం?” అని రెండుసార్లు అడిగింది. నేను వినిపించుకోలేదు.

భోజనం మంచిదే. వేడివేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, గోంగూర, సాంబారు, గడ్డపెరుగు. కాని ఆదివారం కావడంచేత రద్దీగా వుంది. మా కుర్చీల వెనక నలుగురు నిలబడి మేము ఎప్పుడు లేస్తామా అని చూస్తున్నారు. వాళ్ళను అనడానికి లేదు. వాళ్ళూ ఆకలిమీద వున్నవాళ్ళే. మెడ వెనక ఎవరో ఊపిరి పీలుస్తూ వుంటే నత్త నడక ఎలా సాగుతుంది? మేనల్లుడు పప్పన్నం దగ్గరే వుండగా అమ్మ పెరుగన్నం కూడా ముగించేసింది. పది నిమిషాలు పట్టిందేమో! అంతటితో వూరుకోలేదు. లేచి, తన విస్తరి మడిచి, అది చాలనట్టు నా విస్తరి కూడా ఎత్తబోయింది.

“అమ్మా, నేను ఇంకా తింటున్నాను” అన్నాను.

ఆమె ఉలిక్కిపడి కూర్చుంది. చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. కాసేపటికి, పెరుగు తెచ్చిన కుర్రవాణ్ణి అడిగింది: “నువ్వు తిన్నావా, నాయనా?”

“మా భోజనాలు మూడున్నరకండీ, మామ్మగారూ” అన్నాడు వాడు నవ్వుతూ.

“నాకూ అంతే” అంది అమ్మ.

ఆ రెండు మాటలూ నాకు ముల్లులా గుచ్చుకున్నాయి.

మా వూళ్ళో అన్నం మాట వస్తే జాషువాగారిని తలచుకోకుండా వుండలేను. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న ఇక్కడే పుట్టారు. తండ్రిది ఒక కులం, తల్లిది అంటరానిదన్న కులం. 1941లో వచ్చిన ఆయన ‘గబ్బిలం’లో కథానాయకుడు ఆకలిగొన్న దళితుడు. గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం వుంది, అతనికి లేదు. అందుకని తన మొర కాశీ విశ్వనాథుడికి వినిపించమని గబ్బిలాన్నే దూతగా పంపుతాడు. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో ఎన్నో హోటళ్ళు బ్రాహ్మణులకు వేరే గది పెట్టేవి. కొందరిని గడపే తొక్కనిచ్చేవి కావు. 1950లో రాజ్యాంగం హోటళ్ళలో కులాన్నిబట్టి అడ్డగించకూడదన్నది. 1955లో చేసిన చట్టం అలా అడ్డగించడాన్ని శిక్షించదగిన నేరం చేసింది. ఇవాళ పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారని అడగకుండా మేము భోంచేశామంటే, దాని వెనక అంత కథ వుంది. ఈ పాఠం క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. బంతిలో చోటు లేనివాళ్ళ గురించి గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. మా ఇంటి బంతిలో చోటు లేని మనిషి నాకు కనిపించలేదు.

మా ఇంట్లో ఆదివారం భోజనం ఎలా జరిగేదో చెబుతాను. మీ ఇంట్లోనూ తేడా వుండదనుకుంటాను. మిగతా రోజుల్లో రెండు కూరలైతే ఆదివారం నాలుగు. మాకు సెలవు గనుక ఆమెకు పని ఎక్కువ. నాన్నగారు, నేను, చెల్లెలు, వచ్చిన చుట్టాలు తిని, తాంబూలం వేసుకొని, కునుకు తీశాక, గిన్నెల అడుగున మిగిలింది కలుపుకొని అమ్మ వంటింటి గుమ్మంలో తినేది. కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్ళినా అంతే. ఉసిరిచెట్టు నీడ మాకు, మూడు రాళ్ళ పొయ్యి ఆడవాళ్ళకు.

అసలు ఆదివారం సెలవే మనకు అంత పాతది కాదు. బొంబాయి మిల్లు పనివాళ్ళకు వారానికొక రోజు విశ్రాంతి కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా, 1890లో యజమానులు ఆదివారం సెలవు ఒప్పుకున్నారు. మిల్లుకు వచ్చింది, ఆఫీసుకు వచ్చింది, బడికి వచ్చింది. వంటింటికి మాత్రం రాలేదు. ఇటలీలోనూ ఆ ‘రగూ’ దగ్గర పొద్దుటినుంచీ నిలబడేది ఎక్కువగా అమ్మమ్మే నంటాడు మేనల్లుడు. కుటుంబమంతా ఒక ఆదివారం హోటలుకు పోతే అక్కడ నిజంగా సెలవు దొరికేది ఆవిడకే.

వాడు పదిహేను రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి ప్రశ్న వెయ్యలేదు. సంచిలో పాస్తా పొట్లాలు తెచ్చాడు. వంట వాడిదీ నాదీ. అమ్మా, మా ఆవిడా వరండాలో కుర్చీలు దిగకూడదని షరతు. వాడు వండింది ‘అరబ్బియాటా’. అంటే ‘కోపం వచ్చినది’ అని అర్థమట. వెల్లుల్లి, టమేటాలు, ఎండుమిరపకాయలు. మిరపకాయలు మాత్రం మన గుంటూరువి. గుంటూరు మిరప, నేపుల్స్ టమేటా అని మనం గొప్పలు పోతాం గాని, రెండూ అమెరికా ఖండపు మొక్కలే. 1492లో జెనోవా నగరానికి చెందిన కొలంబస్ అటు వెళ్ళిన తర్వాతనే తక్కిన ప్రపంచానికి తెలిశాయి. మనకు మిరపను తెచ్చింది పోర్చుగీసువాళ్ళు. నేను దోసకాయ పప్పూ, బెండకాయ వేపుడూ చేశాను. ఉప్పు ఎంతో తెలియక మూడుసార్లు వరండాలోకి వెళ్ళి అడిగాను. “చేత్తో చూడు, నోటితో అడగకు” అంది అమ్మ.

గిన్నెలన్నీ మధ్యలో పెట్టాం. ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోవాలి, ఎవరూ లేవకూడదు. అమ్మ మూడుసార్లు లేవబోయింది - ఒకసారి నీళ్ళకు, ఒకసారి నేతికి, ఒకసారి ఏ కారణమూ లేకుండానే. మూడుసార్లూ కూర్చోబెట్టాం. నాలుగోసారి లేవలేదు. కాళ్ళు ముడుచుకొని, వీపు కుర్చీకి ఆనించి, తిరిగి అన్నం కలుపుకుంది.

మాటల్లో నేనన్నాను: “అమ్మా, ఆ రోజుల్లో ప్రతి ఆదివారం గుత్తివంకాయ చేసేదానివి. నీ వంతుకు ఒక్కటీ మిగిలేది కాదు. తలచుకుంటే బాధగా వుంటుంది. వచ్చే వారం నీకోసం నేను చేస్తాను.”

అమ్మ పకపకా నవ్వింది. “నాకు వంకాయ పడదురా! చిన్నప్పటినుంచీ పడదు. మీ నాన్నకు ఇష్టమని చేసేదాన్ని. మిగలకపోతే, అమ్మయ్య, గండం గడిచిందనుకునేదాన్ని.”

నలభై ఏళ్ళు దాటిన కొడుకును. ఎమ్.ఏ. చదివాను. ఏ కవికి ఏ పదం ఇష్టమో చెప్పగలను. మా అమ్మకు ఏ కూర గిట్టదో ఆ రోజు విన్నాను.

“మరి నీకేది ఇష్టం?” అని మా ఆవిడ అడిగింది. అమ్మ వెంటనే చెప్పలేకపోయింది. ఆలోచించింది. ఆ ప్రశ్న ఆమెను అడిగినవాళ్ళు లేరు గదా. చివరికి, “జొన్నరొట్టె, పచ్చి ఉల్లిపాయ, కాస్త ఎర్రకారం... మా అమ్మ పొలం గట్టున కూర్చోబెట్టి పెట్టేది” అంది. అక్కణ్ణుంచి వాళ్ళ పొలం, కాలువ రాకముందు వానకోసం చూసిన చూపులు, వాళ్ళ అమ్మ పాడిన పాటలు... చేతులు ఎండిపోయాయి. గడియారం చూస్తే నాలుగుంబావు. వరండాలోంచి కనిపించే కొండమీద ఎండ పసుపు రంగుకు తిరిగింది.

కాబట్టి, వినుకొండలో ఆదివారం తీరిగ్గా భోజనం చెయ్యడానికి ఎక్కడికి వెళ్ళాలని మీరు అడిగితే, బస్సుస్టాండు దగ్గర మంచి పప్పు దొరుకుతుందని చెబుతాను. కుర్చీ వెనక నిలబడ్డవాళ్ళ మీద దయవుంచి త్వరగా లేవండి. మూడు గంటలు కూర్చోవాలంటే మాత్రం మీ వరండాయే మేలు. వండే మనిషికి ముందు కుర్చీ వేయండి. మిగతాది ఆవిడే చూసుకుంటుంది.

అన్నట్టు, ఇటలీవారి కోపపు వంటకం ఎలా వుందని మేనల్లుడు అమ్మను అడిగాడు.

“బాగానే వుంది, నాయనా. కోపం మాత్రం చాల్లేదు” అంది.