వారియో వైద్యం

వారియోని డాక్టరుగా కూర్చోబెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వాళ్లకో దండం. 2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి నింటెండో తెచ్చిన 'వారియోవేర్' కొద్ది సెకన్లలో ముగిసిపోయే చిట్టి ఆటల సంత. ఆడుతూ పోతే తలుపు తెరుచుకునే కొసరు ఆటల్లో ఒకటి 'డాక్టర్ వారియో'. 1990 నాటి 'డాక్టర్ మారియో'కి వెక్కిరింపు.

ఆట మాత్రం అదే. సీసాలో ఎరుపు, పసుపు, నీలం వైరస్‌లు. పైనుంచి రెండు సగాల క్యాప్సూల్ దిగుతుంటుంది. అటూ ఇటూ తిప్పి, అడ్డంగానో నిలువుగానో ఒకే రంగు నాలుగు కలిస్తే మాయం. మారింది డాక్టరొక్కడే. 1992లో మారియో కోటని కబ్జా చేసిన విలన్‌గా పుట్టిన డబ్బు పిచ్చోడు! ఫీజెంత గుంజుతాడో.

నియమాల జోలికి పోకపోవడమే ఇందులో గడుసుతనం అనిపిస్తుంది నాకు. నవ్వంతా మనిషిలోనే పెట్టారు. అదీ రెండు నిమిషాలే. క్యాప్సూల్ పడకూడని చోట పడిందా, విసిరింది మారియోనా వారియోనా అన్నది ఎవరికి కావాలి? అడ్డొచ్చిన ఆ సగం ముక్కని ఎలా వదిలించుకోవాలన్నదే ధ్యాస. సెకన్ల ఆటలు ఆడదామని కూర్చున్నవాడికి అక్కడే గంట గడిచిపోతుంది.